గూడు కాచు చేప

ఉత్తర అమెరికా ఖండమున శీతకాలము మిక్కిలి దీర్ఘమైనది. కెనడా దేశమునందును, అమెరికా సంయుక్త రాష్ట్రముల ఉత్తర భాగమునందును నెలల తరబడి సరస్సులు గడ్డకట్టి యుండును. మార్చి, ఏప్రిలు నెలలలో ఎండ కొంచెము తీక్షణము కాగానే ఆ మంచుగడ్డ పగిలి, కరిగి, నీరు మరల కదలుట ప్రారంభించును. అప్పుడు ఆ దేశములలో ఎన్నో ఇండ్లలో ఒక సన్నాహము మొదలగును. అటకమీద దాచిన గాలపు కఱ్ఱలు క్రిందికి దిగును. పాత దారము తీసివేసి క్రొత్త దారము చుట్టుదురు. పడవ అడుగున ఎచ్చటనైన కన్నము పడినదేమో వంగి చూచుకొందురు. తాతలు, తండ్రులు, మనుమలు గోడమీది క్యాలెండరు ఎదుట నిలిచి ఏ శనివారము బయలుదేరవలెనని వాదించుకొందురు. వారు పట్టబోవునది బాస్ అను మంచినీటి చేప.

ఏ వారము బయలుదేరవలెనను ప్రశ్న పైకి మిక్కిలి చిన్నదిగా కన్పట్టును. పెండ్లికి ముహూర్తము పెట్టునంతటి శ్రద్ధ చేపల వేటకు ఏల అని మనకు నవ్వు రావచ్చును. కాని ఆ ప్రశ్నలో ఒక ధర్మసందేహము దాగియున్నది. వసంతమున పెక్కుమంది కోరుకొను వారము చేప గ్రుడ్లు పెట్టు వారమే. ఆ దినములలోనే అది లోతు విడిచి ఒడ్డునకు వచ్చును, కంటికి కనబడును, సులభముగా చిక్కును. ప్రయాణమును ఆ కాలమును బట్టియే ఏర్పరచుకొనవలెను గాని, ఆ దినములలో పడునట్లు గాక, ఆ దినములను తప్పించునట్లు ఏర్పరచుకొనవలెనని నా అభిప్రాయము. దీనికి కారణము తెలియవలెనన్నచో ఆ చేప సంసారమును గూర్చి కొంత తెలిసికొనవలెను.

బాస్ చేపలలో ముఖ్యమైనవి రెండు జాతులు. ఒకటి పెద్దనోటి బాస్, రెండవది చిన్ననోటి బాస్. పెద్దనోటి దానికి దవడ కన్ను దాటి వెనుకకు సాగియుండును. అది వెచ్చని నీటిలో, నాచు, తుంగ, మునిగిన చెట్టుకొమ్మలు ఉన్నచోట నివసించును. చిన్ననోటిది చల్లని నీటిని, రాతి నేలను కోరును. సాధారణముగా ఇవి కిలో, రెండు కిలోల బరువు తూగును. జార్జియా రాష్ట్రమున 1932 జూన్ 2వ తేదీన జార్జి పెర్రీ అను యువకుడు పట్టిన పెద్దనోటి బాస్ 22 పౌనుల 4 ఔన్సులు, అనగా ఇంచుమించు పది కిలోలు తూగినది. అది చిరకాలము లోకమున అన్నిటికంటె పెద్దదిగా ఖ్యాతి గాంచెను. తినుటకు ఇంతకంటె రుచియైన చేపలు ఆ నీళ్లలో లేకపోలేదు. బాస్ ప్రీతిపాత్రమగుటకు కారణము దాని పోరాటము. గాలము తగిలిన వెంటనే అది నీటిపైకి ఎగిరి, తల విదిలించి, దారము త్రెంచుకొన చూచును. 1881లో హెన్షాల్ అను వైద్యుడు ఈ ఒక్క చేపను గూర్చియే ఒక పెద్ద గ్రంథము వ్రాసెను. ఆ పోరాటమును ఆస్వాదించుటకే ప్రజలు వందల మైళ్ల దూరము పోవుదురు.

ఇక దాని వసంతకాలపు జీవితమును చూతము. శీతకాలమంతయు లోతు నీటిలో మందముగా పడియున్న చేప, నీటి వేడిమి పది డిగ్రీల సెంటీగ్రేడు దాటగానే కదలిక పొంది, కొంచెము కొంచెముగా ఒడ్డువైపు జరుగుచు విరివిగా తినుట ప్రారంభించును. వేడిమి పదునైదు, పదునారు డిగ్రీలకు చేరునప్పటికి మగచేప మోకాలి లోతు, నడుము లోతు నీటిలో స్థలమును ఎంచుకొనును. తోకతో నేలను ఊడ్చి, మట్టిని, నాచును తొలగించి, గట్టినేలయో, చిన్న రాళ్లో బయటపడునట్లు పళ్లెమువంటి గుంట చేయును. అదియే దాని గూడు. పైనుండి చూచినచో చీకటి నేలమీద రెండు మూడడుగుల వెడల్పున తెల్లని వలయము కనబడును. ఆడచేప మగదానికంటె పెద్దది. అది వచ్చి ఆ గూటిలో వేలకొలది గ్రుడ్లు పెట్టి తన దారిని లోతునీటికి పోవును. అటుపిమ్మట సంసారభారమంతయు తండ్రిదే.

ఆ తండ్రి చేయు పని చూడదగినది. అతడు గూటిపైన నిలిచి రెక్కలతో మెల్లగా నీటిని విసరుచుండును. దానివలన గ్రుడ్లపై మట్టి పేరుకొనదు. వానికి ప్రాణవాయువు అందును. నీటి వెచ్చదనమును బట్టి కొన్ని దినములలో గ్రుడ్లు పగిలి పిల్లలు బయటపడును. అవి మరికొన్ని దినములు గూటిలోనే ఉండి, తమ పొట్టకు అంటుకొనియున్న పచ్చసొన తిని బలము తెచ్చుకొనును. తరువాత చిన్న మేఘమువలె గుంపుగా పైకి లేచి ఈదనేర్చును. అప్పుడును తండ్రి వానిని విడువక చుట్టు తిరుగుచు కొన్ని వారములు కావలికాయును. ఈ కాలమంతయు అతడు ఆహారమును వెదకికొని పోడు. నోటిముందునకు వచ్చినది తినిన తినును, లేకున్న లేదు. గూటిని విడుచుటకు అతనికి అవకాశము లేదు. ఏలయన, రెండు మూడు గజముల దూరమున బ్లూగిల్ అను చిన్న చేపలు గుంపుగా నిలిచి, అతడు ఎప్పుడు కదలునా యని చూచుచుండును.

గాలము వేయువానికి ఇంతకంటె అనుకూలమైన స్థితి మరియొకటి లేదు. నీరు తేటగా నున్నచో, నీటి మెరుపును అణచు కళ్లజోడు పెట్టుకొని పడవలో నిలిచి చూచిన చాలును. గూడు కనబడును, గూటిపైన చేప కనబడును. ఎరను సరిగా గూటిలో పడవేయవలెను. చేప దానిని తినవలెనని పట్టుకొనదు. తన బిడ్డలపైకి శత్రువు వచ్చెనని తలచి నోటబట్టి బయట పారవేయుటకు వచ్చును. గాలము గ్రుచ్చుకొనును. ఆకలిచేత చిక్కిన చేపకును, కాపలాచేత చిక్కిన చేపకును భేదము లేదని కొందరు చెప్పుదురు. చేపకు నొప్పి ఒక్కటే కావచ్చును. కాని ఆటగా చూచినను ఇది చిన్న ఆట. వెదకుటలేదు, నీటిని అర్థము చేసికొనుటలేదు, గాలిని గమనించుటలేదు. పారిపోలేని దానిని పట్టి నేర్పరినని చెప్పుకొనుట ఏమంత గొప్ప?

“మేము చేపను చంపుట లేదు. పట్టి, బరువు చూచి, మరల నీటిలో విడిచిపెట్టుచున్నాము. ఇందులో హాని ఏమున్నది?” అని ఆ దేశపు వేటగాండ్రు అడుగుదురు. ఈ సమాధానమునకు గౌరవనీయమైన చరిత్ర కలదు. 1967లో రే స్కాట్ అను నతడు ఆర్కన్సా రాష్ట్రమున బీవర్ సరస్సుపై బాస్ వేట పందెము నొకదానిని నడపెను. పందెములు త్వరలోనే దేశమంతట వ్యాపించెను. పట్టిన చేపలన్నియు చచ్చుట చూచి, 1972 మొదలు పట్టిన చేపను ప్రాణముతో విడువవలెనను అలవాటును ఆయనయే ప్రచారము చేసెను. ఆ అలవాటువలన ఎన్నో లక్షల చేపలు బ్రతికినవి. అది మంచిపనియని నేను ఒప్పుకొందును. సంవత్సరములో పదునొకండు నెలలు ఆ సమాధానము సరియైనదే.

మిగిలిన ఆ ఒక్క నెలలో మాత్రము అది చాలదు. గూటిమీది తండ్రిని పైకి లాగి, గాలము ఊడదీసి, బొమ్మ తీయించుకొని, మరల విడుచుటకు కొన్ని నిమిషములు పట్టును. బ్లూగిల్ గుంపునకు ఆ కొన్ని నిమిషములే కావలెను. తండ్రి తిరిగి వచ్చునప్పటికి గూటిలో గ్రుడ్లు సగమో, పాతికపాళ్లో మిగులును. మిగిలినవి మరీ తక్కువగా ఉన్నచో అతడు గూటినే విడిచి పోవుటయు కలదు. ఉండినను, పోరాటమున అలసిన దేహముతో మునుపటివలె శత్రువులను తరుమలేడు. డేవిడ్ ఫిలిప్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును నీటిలో మునిగి గూళ్లను లెక్కించి, ఈ విషయమును పరిశీలించి 1997లో ప్రకటించిరి. పట్టి విడిచిన తండ్రుల గూళ్లు పట్టని తండ్రుల గూళ్లకంటె ఎక్కువగా పాడగుచున్నవని వారు కనుగొనిరి. పందెములలో పట్టిన చేపల సంగతి మరియు కష్టము. వానిని పడవలోని నీటితొట్టిలో ఉంచి, గంటల తరువాత, కొన్ని మైళ్ల దూరమున, బరువు తూచు రేవు దగ్గర విడుతురు. చేప బ్రతికియే యుండును. కాని గూడు ఎక్కడ, అది ఎక్కడ!

ఈ పరిశోధకులే ఇల్లినాయి రాష్ట్రమున రిడ్జి సరస్సు అను చిన్న సరస్సును ఆధారము చేసికొని ఇరువది సంవత్సరములకు పైగా మరియొక పరీక్ష నడపిరి. ఆ సరస్సులో పట్టిన ప్రతి చేపకు గుర్తు వేసి విడుచుచు వచ్చిరి. కొన్ని చేపలు మాటిమాటికి గాలమునకు చిక్కెను. కొన్ని ఒక్కసారియైనను చిక్కలేదు. సులభముగా చిక్కువాని సంతతిని ఒక వైపు, చిక్కనివాని సంతతిని ఒక వైపు వేరుగా పెంచి చూడగా, తరతరమునకు ఆ భేదము పెరుగుచు వచ్చెను. అనగా గాలమునకు చిక్కు గుణము తండ్రినుండి బిడ్డకు వచ్చుచున్నది. ఇంతవరకు వింత మాత్రమే. 2012లో ప్రకటించిన ఫలితము వింతకు మించినది. సులభముగా చిక్కు తండ్రులే గూటిని ఎక్కువ శ్రద్ధతో కాచుచున్నవి. శత్రువుపైకి ముందుగా దుముకుచున్నవి. ఆడచేపలు కూడ అట్టివానినే కోరుచున్నవి. బద్ధకముగా కాచు తండ్రి ఎర వచ్చినను ఊరకుండును గనుక ప్రాణముతో మిగులును. గాలము ఏరి పట్టునది మంచి తండ్రిని. ఈ విధముగా తరములు గడచినచో సరస్సులో మిగులు చేపలు ఎట్టివో ఊహింపవచ్చును. నాకు ఈ సంగతి తెలిసిన దినమున, పట్టి విడుచుటను గూర్చిన వాదములన్నియు వెలవెలబోయినట్లు తోచినది.

ఎదుటిపక్షము వాదమును పూర్తిగా త్రోసివేయరాదు. దక్షిణపు పెద్ద జలాశయములలో గూళ్లు వేలకొలది యుండును. వానిలో కొన్ని నిలిచినను సరస్సు నిండుటకు చాలునని అక్కడి చేపల శాఖలవారు చెప్పుదురు. పిల్లలు ఎన్ని బ్రతుకునో నిర్ణయించునది నీటిమట్టము, ఎండ, గాలివాన, దాగుటకు తగిన నాచు అని వారి మతము. ఇది కొంతవరకు నిజము. ఫ్లారిడాలో చలికాలము నామమాత్రము. అక్కడ బాస్ చేపలు చలికాలము ముగియక మునుపే గూళ్లు కట్టనారంభించును. పిల్లలు పెరుగుటకు ఏడంతయు ఉన్నది. కావుననే అక్కడ ఆ చేపకు వేట నిషేధించిన కాలము లేదు. ఉత్తరమున స్థితి వేరు. ఒంటారియోలో గూళ్లు మే, జూన్ నెలలలో గాని మొదలుకావు. అక్టోబరు వచ్చుసరికి నీరు చల్లబడును. ఆ స్వల్ప వేసవిలో తగినంత పెరుగని పిల్ల శీతకాలపు ఉపవాసమును ఓర్వలేక చచ్చును. మొదటి గూడు పోయిన తరువాత మరల గూడు కట్టినను, ఆలస్యముగా పుట్టిన ఆ పిల్లలకు ఆయుర్దాయము తక్కువ. అందుచేత దక్షిణ ఒంటారియోలోని అనేక సరస్సులలో జూన్ నెల సగము గడచువరకు బాస్ వేట నిషిద్ధము. న్యూయార్కు రాష్ట్రము మాత్రము నడిమి మార్గమును అవలంబించినది. 2022 మొదలుకొని అచ్చట సాధారణముగా జూన్ 15 నుండి నవంబరు 30 వరకు మాత్రమే పట్టిన చేపను ఇంటికి తీసికొనిపోవచ్చును. తక్కిన కాలమున కృత్రిమమైన ఎరతో పట్టి వెంటనే విడువవలెను.

చట్టము అనుమతించిన దంతయు చేయదగినదని అర్థము కాదు. న్యూయార్కు చట్టము పట్టి విడువుమన్నది. బ్లూగిల్ చేప చట్టము చదువలేదు.

ఇచ్చట ఒక మాట. నేను చెప్పునదంతయు బాస్ చేపకు పుట్టినిల్లయిన నీళ్లను గూర్చియే. 1925లో ఈ చేపను జపాను దేశమునకు కొనిపోయి ఆషి సరస్సులో విడిచిరి. అది క్రమముగా దేశమంతట వ్యాపించి, అక్కడి చిన్నచేపలను తినివేయుచు, గొప్ప ఉపద్రవమైనది. 2005లో ఆ ప్రభుత్వము దానిని హానికరమైన పరదేశపు ప్రాణుల పట్టికలో చేర్చినది. మియాగి ప్రాంతపు ఇజునుమ సరస్సులో ఊరివారు కృత్రిమమైన గూళ్లను నీటిలో ఉంచి, బాస్ చేప వచ్చి వానిలో గ్రుడ్లు పెట్టిన పిమ్మట ఆ గ్రుడ్లను తీసి నాశనము చేయుచు వచ్చిరి. అక్కడ వారు చేసినది సబబే. పరాయి ఇంటిలో దూరి ఇంటివారిని తినువానికి పురుడు పోయవలసిన పనిలేదు.

ఈ విషయమును దూరదేశపు వినోదముగా ఎంచి మనము ఊరకుండ నక్కరలేదు. ఆంధ్రప్రదేశమున ఇచ్ఛాపురము నుండి తడ వరకు సముద్రతీరమున ప్రతి సంవత్సరము ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు, అరువదియొక్క దినములు, యంత్రపు పడవలు వేటకు పోరాదు. పెక్కు జాతుల చేపలును, రొయ్యలును గ్రుడ్లుపెట్టు కాలమగుటచే ప్రభుత్వము ఈ నిషేధమును విధించినది. విశాఖపట్టణమున, కాకినాడలో, నిజాంపట్టణమున ఆ రెండు నెలలు పడవలు రేవులో వరుసగా కట్టివేయబడి యుండును. జాలరులు వలలు బాగుచేసికొనుచు, పడవలకు రంగులు వేసికొనుచు దినములు గడపుదురు. ప్రభుత్వము కొంత భృతి ఇచ్చుచున్నది గాని అది రెండు నెలల సంపాదనకు సరిపోదని వారు చెప్పుదురు. ఇది వారికి ఆట కాదు. పొయ్యిలో పిల్లి లేవవలసిన పని. అయినను వారు ఆగుచున్నారు. కూటికొరకు వేటాడువాడు అరువదియొక్క దినములు ఆగగలిగినప్పుడు, వినోదము కొరకు వేటాడువాడు నాలుగు శనివారములు ఆగలేడా? అతని ఇంటిలో ఎవరును పస్తుండరు. ఇతర చేపలను పట్టుటకు అతనికి ఏ అడ్డంకియు లేదు.

మన లోపములను కూడ చెప్పవలెను. గోదావరికి వరదనీరు వచ్చినప్పుడు సముద్రమునుండి ఎదురీదుచు వచ్చు పులసచేప గ్రుడ్లు పెట్టుటకే వచ్చుచున్నది. మనము దానిని ఆ ప్రయాణములోనే పట్టి, కడుపులో జన ఉన్నదా యని చూచి మరి ఎక్కువ వెల ఇచ్చుచున్నాము. ఇక కొర్రమీను సంగతి. అది తెలంగాణ రాష్ట్రపు రాష్ట్రమత్స్యము. బాస్ చేపకును దానికిని చుట్టరికము లేదు. కాని శీలమున అవి రెండును ఒక్కటియే. వానలు పడి చెరువులు నిండునప్పుడు కొర్రమీనులు ఒడ్డున గడ్డిలో, నాచులో కొంత చోటు శుభ్రము చేసికొని గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు నీటిపైన తేలుచుండును. పిల్లలు పుట్టిన పిదప ఎఱ్ఱని ముద్దవలె గుంపుగా తిరుగుచు, గాలి పీల్చుకొనుటకు మాటిమాటికి నీటిపైకి వచ్చును. వాని క్రింద తల్లిదండ్రులు కాపలా యుండును. మీలో చెరువుగల పల్లెలలో పెరిగినవారు ఆ ఎఱ్ఱని గుంపును చూచియే యుందురు. ఆ గుంపులో ఎర వేసినచో పెద్ద కొర్రమీను తప్పక పైకి వచ్చునని గాలము వేయువారందరు ఎరుగుదురు. తల్లియో, తండ్రియో గంపలో పడును. ఆ సాయంకాలమునకు పిల్లలగుంపు ఏమగునో ఎవరును చూడరు. ఇల్లినాయి సరస్సున జరుగునది మన ఊరి చెరువున కూడ జరుగుచున్నది.

నేడు టెక్సాసు, న్యూజెర్సీ మొదలగు రాష్ట్రములలో తెలుగువారు వేలకొలది కాపురమున్నారు. మీ పినతండ్రియో, మేనమామయో అక్కడ నుండి గాలపు కఱ్ఱతో తీయించుకొన్న బొమ్మ మీకు పంపియుండవచ్చును. వారు ఈ వసంతమున సరస్సునకు పోదలచినచో ఎట్లు పోవలెను?

మొదట క్యాలెండరును ప్రక్కకు పెట్టి ఒక థర్మామీటరును కొనవలెను. చేప తేదీని చూడదు. నీటి వేడిమిని చూచును. ఒక ఏడు ముందుగా ఎండలు వచ్చిన గూళ్లు పదునైదు దినములు ముందే వెలయును. చలిగాలి మరల వీచినచో పని ఆగిపోవును. పౌర్ణమినాడే చేపలు గూళ్లకు వచ్చునని కొందరు నమ్ముదురు. థర్మామీటరు ఉన్నవానికి ఆ లెక్కతో పనిలేదు. ఒకే సరస్సులో కూడ అన్నిచోట్ల ఒకే వేడిమి యుండదు. ఉత్తరపు గాలికి చాటై, దక్షిణపు ఎండకు ఎదురుగా నున్న లోతు తక్కువ మూలలు ముందుగా వెచ్చబడును. సరస్సు నడుమ, ఎదురొడ్డున, చలి ఇంకను విడిచి యుండదు. కావున ఒక మూల గూళ్లు వెలసినను, మరియొక మూల వేట సాగింపవచ్చును.

పది డిగ్రీలు దాటి పదునాలుగు డిగ్రీలకు చేరు లోపలి కాలము వేటకు శ్రేష్ఠమైనది. అప్పటికి గూడు లేదు. చేప ఆకలితో నుండును. రాతి వరుసలవెంట, లోతునకును ఒడ్డునకును నడుమ, గుంపులుగా తిరుగును. దానిని వెదకుటలో నేర్పు కావలెను; చిక్కినప్పుడు దాని పోరాటమును గొప్పది. ఆ దినములలో చిక్కు పెద్ద చేపలు గ్రుడ్లు మోయుచున్న ఆడచేపలు కావచ్చును. కావున చేతిని తడుపుకొని పట్టవలెను, నిటారుగా దవడను పట్టి ఎక్కువసేపు వ్రేలాడదీయరాదు, ఒక్క నిమిషములో నీటిలో విడువవలెను. నీటి తొట్టిలో వేసికొని ఊరేగింపరాదు. ఈ వేటకును చట్టము అనుమతించినచోటనే పోవలెనని వేరుగా చెప్పనక్కరలేదు. లైసెన్సు కొనునప్పుడు ఇచ్చు చిన్న పుస్తకములో ఆ నియమములన్నియు ఉండును. దానిని చదువువారు తక్కువ.

నీరు పదునైదు డిగ్రీలు దాటి తెల్లని వలయములు కనబడిన దినము మొదలు బాస్ గాలమును పెట్టెలో పెట్టవలెను. ప్రయాణమే మానుకొనవలెనని కాదు. అదే సరస్సులో క్రాపీ, పెర్చి మొదలగు ఇతర చేపలున్నవి. వానిని లోతునీటిలో పట్టుకొనవచ్చును. దేశము పొడవైనది, మేనమామగారు ఒకచోటనే ఉండవలెనను నియమము లేదు. దక్షిణ ఫ్లారిడాలో గూళ్లకాలము ముగియు సమయమునకు మిషిగన్ సరస్సులలో మంచు ఇంకను కరుగకుండవచ్చును. టెనెస్సీలో ఏప్రిలు, మే నెలలలో గూళ్లుండగా, ఉత్తర రాష్ట్రములలో వేట పదనుమీద నుండును. ఈ లెక్క తెలిసినవాడు వసంతమంతయు ఏదో ఒక నీటిమీద గాలము వేయగలడు, ఒక్క గూటినైన చెరుపకుండ.

గూళ్ల వారమున పిల్లలను తీసికొనిపోయినను మంచిదే. గాలము ఇంట విడిచి, నీటి మెరుపు అణచు కళ్లజోళ్లు మాత్రము తీసికొనిపోవలెను. గాలి లేని ఉదయమున రేవు చప్టామీద బోర్లపడుకొని చూచినచో క్రింద తండ్రిచేప గూటిపైన తిరుగుట, బ్లూగిల్ గుంపు ముందునకు వచ్చుట, అతడు దుమికి తరుముట, మరల వచ్చి రెక్క విసరుట అన్నియు కనబడును. వారము, పది దినములు గడచిన తరువాత గూటిపైన నల్లని పొగవంటిది లేచును. అది పిల్లల గుంపు. మరి రెండు వారములకు ఆ పొగ చెదరి నాచులోనికి పోవును. తండ్రి చిక్కిన దేహముతో లోతునకు దిగి, కనబడినదెల్ల తినుట మొదలుపెట్టును. ఆ తరువాతి శనివారము బయలుదేరవచ్చును.